మగ్గం మీద చెయ్యి

బెంగళూరు,
2024 జూలై 8.

అత్తకు,

నువ్వు కట్టిచ్చిన ఊరిబిండి ఇంకా సీసాలో సగం ఉంది. పొదుపుగా తింటున్నాను.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని పక్కింటి సుజాతక్క నవ్వుతుంది. మా ఇంటి వెనక పవర్‌లూములు వచ్చాక మా అత్త చెవులు పోయాయని ఆమెకు చెప్పు. ఫోన్‌లో నేను చెప్పేది నీకు వినపడదు. నువ్వు చెప్పేది మాత్రం ఈ హాస్టల్ మొత్తానికీ వినపడుతుంది.

ఆఫీసు మూడో అంతస్తులో ఉంది. కింద పరుపుల అంగడి. తలుపు దగ్గర మా ఫోన్లు తీసుకుని బుట్టలో వేస్తారు, సాయంత్రం తిరిగిస్తారు. ఇద్దరికి ఒక కంప్యూటర్. కుర్చీల వెనక వేరే కంపెనీ పేరున్న కాగితాలు సగం గీకి వదిలేశారు. రోజంతా పాఠాలే. అసలు పని ఇంకా రాలేదు.

జీతం గురించి అడిగావు. ప్యాకేజీ అంటే ఏడాదికి మూడున్నర లక్షలు. అందులో కొంత పీఎఫ్‌కు, కొంత వాళ్లకు నచ్చితే ఇచ్చే వాటాకు పోతుంది. చేతికి ఇరవై రెండు వేలు వస్తుంది. అది కూడా మూడు నెలల శిక్షణ అయ్యాకనే. నా గదిలో రెబెకా అని కుందుర్పి అమ్మాయి ఉంది, నాతోనే చేరింది. వాళ్ల అన్న పన్నెండేళ్ల కిందట ఒక పెద్ద కంపెనీలో చేరినప్పుడు కూడా ఇదే మూడున్నర లక్షలట. ఊళ్లో అద్దె పెరిగింది, బియ్యం పెరిగింది, మొదటి జీతం మాత్రం అక్కడే కూర్చుంది అంటుంది.

నువ్వు షావుకారు దగ్గర తెచ్చిచ్చిన లక్షన్నర డిపాజిట్టు ఏడాది తర్వాత తిరిగిస్తారు. నా సర్టిఫికెట్లు కూడా అంతవరకు వాళ్ల బీరువాలోనే ఉంటాయి. ఇవన్నీ చూసేది విష్ణువర్ధన్ అనే సారు. అందరినీ పేరుపెట్టి పిలుస్తాడు. మొదటి రోజే నాతో, "నువ్వు తక్కువ మాట్లాడతావు. మంచిది" అన్నాడు.

ఎందుకో ఆ మాట ఇంకా గుర్తుంది.

నీ
పద్మప్రియ


ధర్మవరం,
జూలై 19.

పాపా,

నీ జాబు అందింది. అద్దాలు పెట్టుకొని రెండుసార్లు సదివినా. కాగితం మింద నువ్వు బాగానే మాట్లాడతావు. ఇంట్లో ఉన్నన్నాళ్లూ నీ నోట్లోంచి మాట రావల్లంటే జరీ పోగు దువ్వి తీసినట్ల తియ్యల్సి వచ్చె.

మూడు నెల్లు జీతం ల్యాకపోతే ఏమి? పడుగు ఎక్కిచ్చుకొని కూచున్నాక, మొదటి చీర కోసి షావుకారు చేతిలో పెట్టేదాకా మాకెవురు దుడ్లిచ్చినారు? పని నేర్చుకునేటప్పుడు మా నాయన నాకు ఏడాది పొడుగునా సంగటి తప్ప ఏమీ పెట్టలే. కుర్చీ మింద ఇంగొకరి పేరుంటే నీకేమి నొప్పి? నా మగ్గం పలక మింద మా తాత పేరుండాది. దాని మింద నేసేది నా చీర కాకుండా పోయిందా?

ఇరవై రెండు వేలంటే నేను రెండు నెల్లు కాళ్లు మగ్గం గుంతలో పెట్టుకొని నేసేది. నువ్వు ఫ్యాను కింద కూచోని ఒక నెల్లో తెస్తావు. మా అన్నా వదినా ఉండింటే ఈ పొద్దు సందంతా బెల్లం పంచుదురు. వాళ్లు పోయినప్పుడు నీకు మాటలు కూడా సరిగా రాలే. కాన్వెంటు హాస్టల్లో ఎందుకే ఆడపిల్లను అని అందరూ అంటే, నా ఇష్టమప్పా అన్న్యా. ఇప్పుడు వాళ్లే నీ సంగతి అడుగుతాండారు.

పుల్లన్న కూడా. షెడ్డులో కూలి ముగించుకొని నేరుగా ఇంటికి పోడు. మా గుమ్మంలో నిలబడి నీ జాబు దిక్కే చూస్తాడు. వాళ్ల సుజాత డిగ్రీ చేసి రెండేండ్లు. "అక్కా, ఆడ మా పాపకేమన్నా..." అని సగం అని ఊరుకుంటాడు. ఒక మాట రాయి.

వాన లేదు. ట్యాంకరు వచ్చిన పొద్దు పుల్లన్న పెండ్లాం యశోదమ్మ మొగుణ్ణి కూడా గుర్తు పట్టదు, బిందెల్నే గుర్తు పడతాది.

మీ అత్త
లక్ష్మీదేవమ్మ


బెంగళూరు,
సెప్టెంబర్ 2.

అత్తకు,

పోయిన శనివారం మమ్మల్ని బస్సులో లేపాక్షి తీసుకెళ్లారు. అందరికీ నీలం చొక్కాలు ఇచ్చారు, పెద్ద నంది ముందు నిలబెట్టి ఫోటోలు తీశారు. నేను ఎప్పటిలాగే వెనక వరసలో నిలబడ్డాను. విష్ణువర్ధన్ సారు వచ్చి, భుజం పట్టి, ముందుకు తెచ్చి నిలబెట్టాడు. "నీ ముఖం చూస్తే ఎవరైనా నమ్ముతారు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. రెబెకా కొట్టలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో చొక్కాలు వెనక్కి తీసుకున్నారు. తర్వాతి బ్యాచ్‌కు కావాలట.

శిక్షణ ఈ నెలతో అయిపోవాలి. కానీ చెప్పే సారు వేరే ఊరు వెళ్లాడని, మొదటి పాఠాలే మళ్లీ చెబుతున్నారు. కొత్తవాళ్లు ప్రతి సోమవారం చేరుతున్నారు. ఇప్పుడు ముగ్గురికి ఒక కంప్యూటర్. కొందరు గోడకు ఆనుకుని నిలబడే వింటున్నారు.

సుజాతక్క సంగతి అడిగావు. ఇప్పుడు ఇక్కడికి రావడం ఆమెకు కష్టమవుతుందేమో. కూర్చోవడానికి చోటు కూడా లేదు. పుల్లన్న మామకు నొప్పి కలగకుండా చెప్పు.

హాస్టల్ కిటికీలోంచి రోడ్డు అవతల ఒక కట్టడం కనిపిస్తుంది. పోయిన నెల దాని మీద ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీ బోర్డు ఉండేది. ఇప్పుడు బోర్డు లేదు, దాన్ని బిగించిన ఇనప చువ్వలే ఉన్నాయి. బట్టలు ఆరవేసినప్పుడల్లా చూపు అటే పోతుంది.

నీ
పద్మప్రియ


ధర్మవరం,
సెప్టెంబర్ 16.

పాపా,

పోయిన వారం పట్టు నూలు కండెల కోసమని బస్టాండు దిక్కు పోతి. గోడ మింద నువ్వు. నంది ముందర నీలం చొక్కా ఏసుకొని, నవ్వీ నవ్వకుండా. నీ పక్కన పెద్ద పెద్ద అక్షరాలు, ఏడాదికి మూడున్నర లక్షలు అని. నేను ఆడనే నిలబడిపోతి. టీ అంగడాయప్ప, "ఏమప్పా లక్ష్మీదేవమ్మా, నీ కోడలు మినిస్టరైందా" అన్న్యాడు. నీ మూతి మింద ఎవురో ఆకొక్క నమిలి ఊంచినారు. కొంగుతో తుడిచి వచ్చినా.

ఆ కాగితం ఒకటి చించుకొచ్చి పుల్లన్న ఇంట్లో అంటించుకున్నాడు, క్యాలెండరు పక్కన. సుజాత పొద్దన లేస్తే నీ ముఖమే చూస్తాదంట.

కూర్చునేదానికి చోటు లేదు అని రాసినావు. పిచ్చిదానా, చోటు లేదంటే పని ఉండాదనే కదా. ఏ షెడ్డులో మనుషులు నిండి ఉంటారో ఆడ ఆర్డర్లుంటాయి. పండగ ముందర షావుకారు ఇంట్లో కాలు పెట్టేదానికి సందుంటాదా? ఖాళీ షెడ్డు చూసి భయపడల్ల, నిండిన షెడ్డు చూసి భయపడేదేంది? వారం వారం కొత్తోళ్లను తీసుకుంటాండారంటే వాళ్లకు మనుషులు చాలడం లేదు. ఇదే మాట పుల్లన్నకు చెప్పినా. ఆయప్ప ముఖంలో వెలుగు చూడల్ల నువ్వు.

నీ జీతం ఎప్పుడొస్తాది? రానీ, తొందర లేదు. వచ్చినాక ఒక దినం ముందర ఎవురికీ చెప్పకుండా నాకు రాయి.

మీ అత్త


బెంగళూరు,
అక్టోబర్ 14.

అత్తకు,

జీతం రాలేదు. సెప్టెంబర్ చివర రావాలి.

పోయిన బుధవారం రెబెకా అందరి ముందూ లేచి అడిగింది. "సార్, మనం ఏ కంపెనీకి పని చేస్తున్నాం? వాళ్ల పేరు చెప్పండి" అంది. విష్ణువర్ధన్ సారు కోప్పడలేదు. "మంచి ప్రశ్న" అన్నాడు. అందరినీ టీకి పంపాడు. మర్నాడు తలుపు దగ్గర ఆమె కార్డు పని చేయలేదు. మధ్యాహ్నం నేను తిరిగి వచ్చేసరికి గదిలో ఆమె మంచం ఖాళీగా ఉంది. కుందుర్పికి వెళ్లిపోతున్నానని వార్డెన్‌కు చీటీ ఇచ్చింది. ఆమె సర్టిఫికెట్లు ఇక్కడే ఉన్నాయి. అవి తిరిగి ఇమ్మంటే డిపాజిట్టు పోతుందన్నారట, అడగకుండా వెళ్తే రెండూ పోతాయి.

తర్వాత సారు మమ్మల్ని ఒక్కొక్కరినే గదిలోకి పిలిచాడు. మీ ఊరి నుంచి ఒకరిని చేర్పిస్తే నీ జీతం ముందు విడుదలవుతుంది అన్నాడు. "మీ వీధిలో సుజాత అనే అమ్మాయి ఫోన్ చేసింది. నీ పేరు చెప్పింది. బాగా అడిగింది" అన్నాడు.

సాయంత్రం ఫోన్ ఇవ్వగానే సుజాతక్కకు చేశాను. మెట్ల మీద పదిమంది నిలబడి ఉన్నారు. "కొంచెం ఆగక్కా, ఉత్తరం రాస్తాను" అని మాత్రం అనగలిగాను. ఆమె పెట్టేసింది, రాత్రి మళ్లీ చేస్తే ఎత్తలేదు.

అత్తా, సుజాతక్కను ఇప్పుడు పంపవద్దు. డబ్బు కట్టవద్దు. మిగతాది తర్వాత వివరంగా రాస్తాను.

పద్మప్రియ


ధర్మవరం,
అక్టోబర్ 23.

పాపా,

నీ జాబు నిన్న వచ్చింది. మొన్ననే కట్టేసినారు.

ఎట్ల జరిగిందో చెప్తా విను. పుల్లన్న కదిరి రోడ్డులో ఇంటి జాగా ఉండె కదా, అది అమ్మినాడు. దుడ్లు గుడ్డలో చుట్టుకొని బ్యాంకుకు పోయే ముందర మా ఇంటికొచ్చినారు మొగుడూ పెండ్లామూ. యశోదమ్మ కూచోలే. "చూడని ఊరు, చూడని ఆఫీసు. రేపు ఏమన్నా అయితే ఎవుర్ని అడగల్ల లక్ష్మీదేవమ్మా?" అనె. సందులో నలుగురు నిలబడి చూస్తాండారు. నాకు ఒళ్లు మండింది. నా పాప ఉన్న చోటును నా గుమ్మంలో నిలబడి అనుమానిస్తాదా?

పోయి మగ్గం పలక మింద చెయ్యి పెట్టినా. "ఈ పనికి నేనుండా" అన్న్యా. "నా పాప ఆడుండాది, నా మగ్గం ఈడుండాది. ఇంగేం కావల్ల?"

పుల్లన్న, "ఏమక్కా ఇంత మాట? తియ్యి, చెయ్యి తియ్యి" అని చెయ్యి పట్టుకున్నాడు. నేను తియ్యలే. యశోదమ్మ చూసింది, కండ్లు తుడుచుకుంది, ఇద్దరూ బ్యాంకుకు పోయినారు.

నువ్వు సుజాతకు ఫోన్ చేసి ఆగమన్నావంట. ఆ పిల్ల ఏడ్చింది. "పద్మ పోతే సరి, నేను పోతే తప్పా అత్తా" అని నన్ను అడిగింది. నేనేం చెప్పల్ల? రెబెకా ఎవురో ఎదురు మాట్లాడి పోయింది, ఆ కోపం మీ సారుకుంటాది. షావుకారును పదిమంది ముందర నిలదీస్తే ఏ షావుకారు ఊరుకుంటాడు?

కోపం చేసుకోవద్దు, ఒకటి అడుగుతా. సుజాత కూడా నీ మాదిరే జీతం తెస్తే సందులో నీ మాట తగ్గుతాదని నీకేమన్నా ఉండాదా? ఉంటే తీసి పారెయ్యి. నేను నిన్ను అట్ల పెంచలే.

ఆదివారం బండికి వస్తాది. స్టేషనుకు పో.

మీ అత్త


బెంగళూరు,
అక్టోబర్ 30.

అత్తకు,

సుజాతక్క చేరింది. రెబెకా మంచం మీద పడుకుంటోంది. కొత్త చున్నీలు తెచ్చుకుంది, నాకూ ఒకటి తెచ్చింది. మొదటి రోజు నాతో మాట్లాడలేదు. రెండో రోజు, "నీ చొక్కా ఎక్కడ, నీలంది?" అని అడిగింది. వెనక్కి తీసుకున్నారని చెప్పాను. నవ్వింది. నేను దాచుకుంటున్నాననుకుంది.

నా మొదటి జీతం పడింది. ఇరవై రెండు వేలు.

అది ఏ రోజు పడిందో చెప్పాలి. పుల్లన్న మామ బ్యాంకులో కట్టిన మర్నాడు పడింది. ఆ రోజు ఆఫీసులో ముగ్గురికే జీతం వచ్చింది. మిగతా ఇద్దరినీ మెల్లగా అడిగాను. ఒకరి తమ్ముడు చేరాడు, ఒకరి స్నేహితురాలు చేరింది. ఎవరినీ తేనివాళ్లకు ఎవరికీ రాలేదు.

ఆ డబ్బు నేను ముట్టుకోలేదు. ఎవరిదో నీకు అర్థమవుతుంది.

నాకు ఎవరిమీదా ఈర్ష్య లేదు అత్తా. దాని గురించి ఇంతకంటే రాయలేను.

మగ్గం మీద చెయ్యి పెట్టానని రాశావు. నేను హాస్టల్లో పెరిగినదాన్ని, మన సందు పద్ధతులు నాకు సగమే తెలుసు. అది మాట వరసకు అన్నదే అయి ఉంటుందనుకుంటున్నాను. కాదా?

పద్మప్రియ


ధర్మవరం,
నవంబర్ 8.

పాపా,

మాట వరసకు ఎవురూ మగ్గం మింద చెయ్యి పెట్టరు.

కొత్త మనిషిని షావుకారు కాడికి తీసుకపోతే, తీసుకపోయినోళ్లు చెయ్యి పెట్టల్ల. ఆ మనిషి అడ్వాన్సు తిని పారిపోతే, చెయ్యి పెట్టినోళ్ల మగ్గం షావుకారుకు పోతాది. మా నాయన దాసప్ప కోసం పెట్టినాడు. దాసప్ప ముప్పై ఏండ్లు నేసి చచ్చినాడు, పారిపోలే. మా సందులో ఎవురూ పారిపోలే. అందుకే నాకు చెయ్యి పెట్టేది కష్టమనిపీలే.

ఈ సారి మనిషికి కాదు పెట్టింది. నేను చూడని షావుకారుకు పెట్టినా. అది నిన్న పొద్దు గూకినాక తెలిసింది నాకు, నీ జాబు ఒళ్లో పెట్టుకొని కూచోని ఉంటే.

పుల్లన్నకు ఇంకా ఏమీ చెప్పలే. ఆయప్ప ఈ పొద్దు కూడా వచ్చి, "మా పాపకు కుర్చీ ఇచ్చినారంటనా" అని అడిగినాడు. ఇచ్చినారన్న్యా.

ఒకటే అడుగుతా. సుతారంగా రాయొద్దు, నొప్పి కలగకుండా రాయొద్దు. ఆడ పని ఉండాదా లేదా?

మీ అత్త


బెంగళూరు,
డిసెంబర్ 2.

అత్తా,

లేదు.

పోయిన సోమవారం వెళ్లేసరికి మూడో అంతస్తు తలుపుకు తాళం. లోపల కుర్చీలు లేవు. అద్దంలోంచి చూస్తే నేల మీద ఫోన్లు వేసే బుట్ట ఒక్కటే బోర్లా పడి ఉంది. రెండు వందల మందిదాకా మెట్ల మీద నిలబడ్డాం. పరుపుల అంగడాయన కిందికి దిగమని అరుస్తున్నాడు. పోలీసులు పేర్లు రాసుకున్నారు. డిపాజిట్టు అన్నందుకు ఒక పోలీసు నవ్వాడు. "ఉద్యోగానికి మీరు డబ్బు కట్టారా?" అన్నాడు.

గోడ మీద బొమ్మ చూసి చేరామన్న అమ్మాయిలు ఇద్దరు నన్ను గుర్తు పట్టారు. చూస్తూ ఉన్నారు.

సుజాతక్క ఇంటికి రానంటోంది. ఏ ముఖం పెట్టుకుని రావాలంటోంది. అన్నం తినడం లేదు.

నిన్న విష్ణువర్ధన్ సారు ఫోన్ చేశాడు. తనూ మోసపోయానన్నాడు. ఊరికి అవతలి పక్క వేరే పేరుతో ఇంకో ఆఫీసు తెరిచారట. "నీ సర్టిఫికెట్లు మాత్రం జాగ్రత్తగా తీసి పెట్టాను" అన్నాడు. నాకు పని ఇస్తానన్నాడు. మన అనంతపురం వైపు నుంచి వచ్చే ఫోన్లకు జవాబు చెప్పాలి. డిపాజిట్టు లేదు. జీతం ముప్పై వేలు, మొదటి నెల నుంచే. కొత్తగా చేరేవాళ్లకు ఈ ఊళ్లో అంత ఎవరూ ఇవ్వరు. నేను వస్తే సుజాతక్కకూ ఇస్తాడట. అబద్ధం చెప్పనక్కర్లేదు, కాగితం మీద ఉన్నది చదివితే చాలన్నాడు.

ఇద్దరం దాచుకుంటే కొన్ని నెలల్లో పుల్లన్న మామ జాగా డబ్బు వచ్చేస్తుంది. నీ మగ్గం జోలికి ఎవరూ రారు.

ఏం చేయమంటావు?

పద్మప్రియ


ధర్మవరం,
డిసెంబర్ 15.

పాపా,

మగ్గం పోయింది. ఎవురూ తీసుకపోలే, నేనే ఇచ్చినా.

నీ జాబు పుల్లన్నకు సదివి వినిపిస్తి. ఆయప్ప గుమ్మంలో కూచున్నాడు. తర్వాత, "మా పాప ఈ పొద్దన్నా బువ్వ తినిందో లేదో" అన్న్యాడు. అంతే. మగ్గం మాట ఎత్తలే. యశోదమ్మా ఎత్తలే. మరుసటి దినం నేనే నలుగుర్ని పిలిచి పలకలు ఇప్పించినా. పుల్లన్న అడ్డమొచ్చి, "అక్కా, దీంతో నాకేం జాగా వస్తాదా, వద్దు" అన్న్యాడు. "చెయ్యి పెట్టిన మగ్గం మింద ఇంగ కూచోలేనప్పా. నీ ఇంట్లో పెట్టుకో, యశోదమ్మ నేస్తాది" అన్న్యా. సగం నేసిన చీర దాని మిందనే ఉండె. అట్లనే పోయింది.

ఇంట్లో గుంత మిగిలింది. చెనిక్కాయల మూట దాంట్లో దించినా. కాళ్లు పెట్టే చోట్లో మూట. పొద్దన లేచి అలవాటుగా ఆడికి పోతాండా, మూటను చూసి వెనక్కొస్తాండా. ఇప్పుడు యశోదమ్మకు కండెలు చుడతాండా, కూలికి. బాగానే ఇస్తాది.

మధ్య గోడ ఒకటే కదా మా రెండిండ్లకు. నాకు చప్పుడు వినపడదు. కానీ గోడ మింద అరచెయ్యి ఆనిస్తే తెలుస్తాది. యశోదమ్మ ఇంకా నిదానమే. రెండు దెబ్బలు కొట్టి ఆగుతాది. నేనైతే ఆగను.

నువ్వు అడిగినదానికి. ముప్పై వేలు వద్దని నేను చెప్పలేను. పుల్లన్నకు దుడ్లు రావల్ల, షావుకారు అప్పు తీరల్ల. సుజాత బువ్వ తినల్ల. నీ కాగితాలు నీకు రావల్ల. ఇవన్నీ నిజమే. కానీ ఒకటి చెప్పు. ఫోన్లో నీ మాట వినుకొని, ఏ ఊర్లోనో ఎవురో జాగా అమ్మి పాపను పంపుతారు కదా. ఆ పాపకు ఎవురు చెయ్యి పెడతారు? దేని మింద?

సుజాత ఎప్పుడొస్తాదని పుల్లన్న దినామూ అడుగుతాండాడు.

మీ అత్త


బెంగళూరు,
2025 జనవరి 20.

అత్తా,

ఈ ఉత్తరం పోస్టులో వేయను. నేనే తెచ్చి నీ చేతికిస్తాను, నువ్వు చదువుతుంటే పక్కన కూర్చుంటాను. నోటితో చెప్పగలిగితే రాయక్కర్లేదు. నా సంగతి నీకు తెలుసు.

నీ ఉత్తరం అందేసరికి మేం చేరిపోయాం. సుజాతక్క ముందు ఒప్పుకుంది. ఆమెను ఒక్కదాన్నే పంపలేక నేనూ వెళ్లాను, నాకూ ఆ ముప్పై వేలు కావాలనిపించింది. రెండూ నిజమే. నీ ఉత్తరం సంచిలో పెట్టుకుని తిరిగాను.

కొత్త ఆఫీసులో బల్లలు, చెవులకు పెట్టుకునే ఫోన్లు. ముందు ఒక కాగితం. మా ఇద్దరివీ పక్కపక్క బల్లలు. గోడకు పెద్ద బొమ్మ, నంది ముందు నేను. కంపెనీ పేరు మార్చారు, బొమ్మ మార్చలేదు. ఈ నెల రోజులూ కాగితం చదివాను. ఎవరూ ఏమీ అడగలేదు. విని పెట్టేశారు. అది సులభంగానే ఉంది, అందుకే నాకు భయం వేసింది.

ఈ రోజు నల్లమాడ నుంచి ఆదెన్న అనే ఆయన ఫోన్ చేశాడు. అంతా చదివాను. విన్నాడు. తర్వాత, "ఇదంతా కాగితంలో ఉండేది కదమ్మా. నీ మాట చెప్పు పాపా. నువ్వు మా దిక్కు పిల్ల మాదిరే ఉండావు. ఆడ పని ఉండాదా లేదా?" అన్నాడు.

నువ్వు అడిగినట్టే అడిగాడు. అవే మాటలు.

అప్పుడు నా చెయ్యి బల్ల మీద ఉంది. ఊరికే పెట్టుకున్నదే. దాన్ని చూశాను.

"పంపకండి. ఇక్కడ పని లేదు" అన్నాను.

"ఏం పాపా?"

"పని లేదు. డబ్బు కట్టకండి. ఎవరు చెప్పినా కట్టకండి."

వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది. విష్ణువర్ధన్ సారు వచ్చి నా చెవుల మీది ఫోన్ మెల్లగా తీశాడు. అరవలేదు. "నువ్వు తక్కువ మాట్లాడతావనుకున్నాను" అన్నాడు. నా సర్టిఫికెట్ల మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అవి ఇక రావు. సంచి తీసుకుని లేచాను.

సుజాతక్కను కూడా రమ్మన్నాను. గట్టిగానే అన్నాను, అందరూ తిరిగి చూశారు. ఆమె నన్ను చూడలేదు. "నాయన జాగా నువ్వు తెచ్చిస్తావా?" అంది, కాగితం వైపు చూస్తూనే.

రేపు పొద్దున బండికి వస్తున్నాను. పుల్లన్న మామ గుమ్మంలోనే ఉంటాడు, పాప ఏదని అడుగుతాడు. ఏం చెప్పాలో ఇది చదివి నువ్వే చెప్పు. గుంతలో మూట తీయవద్దు. నేనూ కండెలు చుడతాను.

ఇంకొకటి రాయాలి. నేను తలుపు దాకా వచ్చేసరికి మళ్లీ ఫోన్ మోగింది. మధ్యలో తెగిందనుకుని ఉంటాడు ఆదెన్న. ఈసారి పక్క బల్లకు వచ్చింది. సుజాతక్క కళ్లు తుడుచుకుంది, గొంతు సర్దుకుంది.

"చెప్పండన్నా" అంది. "ఇంతకు ముందు మాట్లాడిన పాపకు ఒంట్లో బాగలేదు. మాది ధర్మవరమేనన్నా. నేనుండా కదా, పంపియ్యండి."

పద్మప్రియ